మా గుంటడి ఉచ్చ పురాణం

పిల్లి ఉన్న ఇంట్లో ఏ మాట మొదలెట్టినా చివరికి ఒక దగ్గరికే వస్తుంది: ఎక్కడ పోసింది, ఎవరు చూశారు, ఎవరు కడగాలి. శ్రీకాకుళంలో మా ఇంట్లో కొన్నేళ్ళుగా నడుస్తున్న పంచాయితీ ఇదే. పిల్లుల ముద్దుముచ్చట్లు చెప్పేవాళ్ళు చాలామందే ఉన్నారు కాబట్టి నేను ఆ జోలికి పోను. అన్నం తింటూ చదివేవాళ్ళుంటే చెయ్యి కడుక్కున్నాక రండి.

మేం పిల్లిని తెచ్చుకోలేదు, అదే వచ్చింది. 2018 అక్టోబరులో తిత్లీ తుఫానుకి ఉద్దానంలో మా ఆయన మేనత్తగారి జీడితోట, కొబ్బరిచెట్లు నేలమట్టమయ్యాయి. మాకు మాత్రం ఆ తుఫాను ఒక పిల్లినిచ్చి పోయింది. గాలి తగ్గాక పెరటి తలుపు తీస్తే నీళ్ళ తొట్టి పక్కన తడిసి ముద్దయి, అరిచే ఓపిక కూడా లేకుండా కూర్చుని ఉంది. బూడిద రంగు ఒళ్ళు, నుదుటి మీద తెల్ల చుక్క. మా బాబు దాన్ని చుక్కమ్మ అన్నాడు. "వాన తగ్గితే దాని దారిన అది ఎల్లిపోతాది, ఒల్లకోండర్రా" అన్నారు అత్తయ్య. వాన తగ్గింది. చుక్కమ్మ వెళ్ళలేదు. సంక్రాంతి దాటాక ఒకరోజు బీరువా తలుపు ఓరగా ఉండడం చూసుకుని, లోపల దూరి, మూడు కూనల్ని పెట్టింది.

అది ఎంచుకున్న అర చనిపోయిన మా మామయ్యగారి పొందూరు ఖద్దరు పంచెలది. అత్తయ్య ఏటా ఎండబెట్టి, మడతపెట్టి దాచుకునేవి. నెత్తురు, ఉమ్మనీరు, మాయ, అంతా వాటి మీదే. పొందూరులో పత్తిని శుభ్రం చేయడానికి వాలుగ చేప దవడ వాడతారు. "అందుకే దానికి ఆ బట్ట నచ్చింది, చేప వాసన తగిలుంటుంది" అని మా ఆయన జోకేశారు. ఎవరూ నవ్వలేదు. అత్తయ్య మాత్రం రోజంతా తిడుతూనే ఉన్నారు గానీ, కూనల్ని తీసి అట్టపెట్టెలో పెడదామంటే ఒప్పుకోలేదు. "బాలింతని కదపకండి. పంచెల్దేటుంది, ఉతుక్కోవచ్చు." ఆ మాట నిజమేనని తర్వాత పశువుల డాక్టరుగారు కూడా అన్నారు. పురిటి చోటుని మనుషులు కెలికితే తల్లి భయపడి పిల్లల్ని మార్చేస్తుందట.

మేం కెలక్కపోయినా మార్చింది. పిల్లి కూనల్ని ఏడిళ్ళు తిప్పుతుందంటారు కదా, మా చుక్కమ్మకి ఏడిళ్ళూ మా ఇంట్లోనే దొరికాయి. బీరువా నుంచి అటక, అటక నుంచి మంచం కింద, అక్కడి నుంచి బాబు క్రికెట్ సంచి. ఒకరోజు వాషింగ్ మెషీన్ డ్రమ్ములో కనబడేసరికి నాకు గుండె జారిపోయింది. అప్పట్నుంచి బట్టలు వేసేముందు డ్రమ్ములో చెయ్యి పెట్టి తడిమి చూడడం అలవాటైంది. ఇప్పుడు కూనలు లేకపోయినా తడుముతాను.

ఇంత తిరిగినా మొదటి మూడు వారాలూ ఇంట్లో చుక్క తడి లేదు. కూనలు అంత చిన్నప్పుడు తమంతట తాము ఉచ్చ పోయలేవు. తల్లి అక్కడ నాకితే వస్తుంది, వచ్చింది వచ్చినట్టు అదే నాకేస్తుంది. ఈ సంగతి తెలియక, పిల్లి కూనలంత శుభ్రమైనవి లేవని నేను చుట్టుపక్కల అందరికీ చెప్పుకుని తిరిగాను. నాలుగో వారంలో కళ్ళు విప్పార్చుకుని, తోకలు నిక్కబొడుచుకుని, ముగ్గురూ బజారున పడ్డారు.

పక్కింట్లో మేడ కడుతుంటే నాగావళి ఇసక ఒక బేసిన్‌తో తెచ్చి టబ్బులో పోశాం. నేర్పాల్సిన పనే లేకపోయింది. కూనల్ని అందులో దించగానే కాలితో గీకి, కూర్చుని, పని కానిచ్చి, కప్పెట్టేశాయి. మురిసిపోయాం. కానీ కప్పెట్టే ఉత్సాహంలో సగం ఇసక టబ్బు బయటికే వచ్చేది. తడికాళ్ళకి అంటుకుని దుప్పట్లలోకి, చాపలోకి, చివరికి దోసెలపిండి గిన్నె మూత మీదికి. సామిల్లు నుంచి రంపప్పొట్టు తెచ్చి చూశాం. అది ఇసక కంటే తేలిక కాబట్టి ఫ్యాను గాలికి ఇల్లంతా ఎగిరింది. చివరికి పిల్లుల కోసమే అమ్మే బెంటోనైట్ మట్టి కొన్నాం. ఉచ్చ తగలగానే గడ్డ కడుతుంది, చిల్లుల గరిటెతో గడ్డ తీసేస్తే మిగతాది శుభ్రంగా ఉంటుంది. బాగా చిన్న కూనలకి మాత్రం ఇది పెట్టకూడదు, నోట్లో పెట్టుకుంటే కడుపులో కూడా అలాగే గడ్డ కడుతుంది. కడుపులోనే కాదు, పైపులో కూడా. మా ఆయన ఆ గడ్డల్ని రోజూ కమోడ్‌లో వేసి ఫ్లష్ చేస్తున్నారని ప్లంబరు వచ్చి పైపు విప్పినప్పుడు గానీ మాకెవరికీ తెలియలేదు. "సార్, సిమెంటేమైనా పోశారా?" అని అడిగాడు అతను. మా ఆయన పేపరు చదువుతున్నట్టు కూర్చున్నారు.

టబ్బు ఉన్నంత మాత్రాన అందులోనే పోస్తాయన్న భరోసా లేదు. గీకితే కదిలేది ఏదైనా పిల్లికి టబ్బే. అత్తయ్య ముగ్గుపిండి గిన్నె వరండాలో గట్టు మీద ఉండేది. ఒక పొద్దున్న ఆవిడ కళ్ళాపి జల్లి, గిన్నెలో చెయ్యి పెట్టి, అలాగే కాసేపు నిలబడిపోయారు. "ఓలమ్మో, పిండి ముద్దయిపోనాదేటే?" అన్నారు. ఎందుకు ముద్దయిందో వాసనతోనే నాకు వంటింట్లోకి తెలిసిపోయింది. కూనలు ఏం చేశాయో చెప్పాక ఆవిడ తలస్నానం చేశారు, ఆ రోజు మా వాకిట్లో ముగ్గు లేదు. గిన్నె స్థానంలో బిగుతు మూత ఉన్న డబ్బా వచ్చింది.

తిండి సంగతి క్లుప్తంగా చెప్తాను. పిల్లికి పాలు అని మనకు చిన్నప్పటి నుంచి బుర్రలో ఎక్కించేశారు. పెద్దయిన పిల్లుల్లో చాలావాటికి పాలు అరగవు, విరేచనాలవుతాయి. మాకు అది పరుపు మీద రుజువైంది. తీపి రుచి వాటి నాలుకకి అసలు తెలియదు, కాబట్టి ప్రసాదం పరమాన్నం పెడితే పైన తేలిన నెయ్యి మాత్రం నాకి వెళ్ళిపోతుంది. డాబా మీద నెత్తళ్ళు ఎండబెట్టడం మానేశాం. తిన్నవాటితో బాధ లేదు, దాచినవాటితోనే. సోఫా వెనక, చెప్పుల స్టాండులో, ఒకసారి నా దిండు గలేబులో.

శకునం గొడవ ఇంకోటి. బయల్దేరుతుంటే పిల్లి ఎదురైతే అత్తయ్య వెనక్కి వచ్చి కాసేపు కూర్చుని, మంచినీళ్ళు తాగి మళ్ళీ బయల్దేరతారు. ఇంటినిండా పిల్లులున్నప్పుడు ఆదివారం అరసవల్లి గుడికి వెళ్ళాలంటే ఎన్నిసార్లు కూర్చోవాలి? బయట ఆటో అతను హారన్ కొడుతూనే ఉండేవాడు. కొన్నాళ్ళు ఓపిక పట్టి, ఒకరోజు ఆవిడే తీర్పిచ్చేశారు. "మనింటి పిల్లి శకునంలోకి రాదు. అది మనిసి లెక్కే."

కూనలు ఇంకా పాలు తాగుతుండగానే చుక్కమ్మకి మళ్ళీ కడుపొచ్చింది. అలా రావడం పిల్లుల్లో మామూలేనట, రెండు నెలలు తిరిగేసరికి మళ్ళీ పురుడు. అటో ఇటో తెలిసినవాళ్ళ ఇళ్ళలో కూనల్ని సర్దేశాం. మొదటి ఈతలో ఒక్క మగ కూన మాత్రం ఎవరింటికీ వెళ్ళకుండా ఉండిపోయింది. మా వైపు గుంటడంటే కుర్రాడు. అత్తయ్య దాన్ని "ఒరే గుంటడా" అని పిలిచేవారు, పేరు అదే స్థిరపడింది. ఇక చుక్కమ్మకి ఆపరేషన్ చేయించాలనుకున్నాం. పిల్లిని తీసుకెళ్ళే బుట్ట మాకు లేదు. కూరగాయల ప్లాస్టిక్ బుట్టలో కూర్చోబెట్టి, పైన ఇంకో బుట్ట బోర్లించి, పురికొసతో కట్టి ఆటో ఎక్కాం. ఏడురోడ్ల జంక్షన్ దగ్గర సిగ్నల్ ఇచ్చినట్టు నాలుగు బస్సులు ఒకేసారి హారన్ కొట్టాయి. పురికొస ఎలా ఊడిందో తెలీదు, చుక్కమ్మ మా ఆయన చేతి మీదుగా, డ్రైవర్ భుజం మీదుగా, అద్దం దగ్గర దేవుడి పటం దాకా వెళ్ళిపోయింది. డ్రైవర్ నిజంగా మంచివాడు. ఆటో పక్కకి ఆపి, రెండువైపులా పరదాలు దించేసి, "మీరు కంగారు పడకండమ్మా, దానికి కంగారొస్తాది" అన్నాడు. నా చున్నీ దాని మీద కప్పి, చుట్టచుట్టి ఒళ్ళో పెట్టుకున్నాను. చున్నీ తడిసింది, నేనూ తడిశాను.

మా ఆయన చేతి మీద గోటి గీత పడింది. రక్తం కారకపోయినా దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. కుళాయి కింద సబ్బుతో పావుగంట కడిగి, అదే రోజు సర్కారు ఆసుపత్రికి వెళ్ళి రేబిస్ టీకా మొదలెట్టించుకున్నారు. మొదటి రోజు, తర్వాత 3, 7, 28 రోజులకి. "పిల్లికి ఏడాదికో సూది, నాకు నాలుగు" అని ఇప్పటికీ అంటారు. ఆపరేషన్ బాగానే జరిగింది. కుట్లు నాకకుండా మెడకి ప్లాస్టిక్ గరాటు కట్టారు. దాంతో తలుపు అంచులకి తగులుకుంటూ, అడ్డొచ్చినవన్నీ తోసుకుంటూ తిరిగింది. గాజు గ్లాసులు పోయాయి, స్టీలువి మిగిలాయి.

ఇక గుంటడు. ఏడెనిమిది నెలల వయసు వచ్చేదాకా బుద్ధిమంతుడే. ఆ తర్వాత ఒకరోజు గ్యాస్ సిలిండర్‌కి వీపు తిప్పి నిలబడి, తోక నిటారుగా పైకెత్తి, తోక చివర వణికిస్తూ సన్నటి ధార కొట్టాడు. అది కడుపు నిండి పోయడం కాదు, ఈ జాగా నాది అని సంతకం పెట్టడం. ఎక్కువగా ఆపరేషన్ కాని మగ పిల్లులు చేసే పని. సిలిండర్ అయ్యాక ఫ్రిజ్ వెనక, బాబు స్కూలు బ్యాగు, దేవుడి గది గుమ్మం, మా ఆయన హెల్మెట్. హెల్మెట్ సంగతి ఆయనకి ఆఫీసు దారిలో, ఎండ ఎక్కాక తెలిసింది.

ఆ వాసన ఎలాంటిదో పడినవాళ్ళకే తెలుస్తుంది. నీళ్ళతో కడిగితే పోయినట్టే ఉంటుంది, వాన పట్టి గాలిలో తేమ పెరగ్గానే మళ్ళీ లేచి కూర్చుంటుంది. పిల్లి ఉచ్చలో యూరిక్ యాసిడ్ స్ఫటికాలు నీళ్ళకి సరిగా కరగవు, గోడ సున్నంలో, చెక్క రంధ్రాల్లో ఉండిపోతాయి. అత్తయ్య ఘాటైన ఫినాయిలు తెప్పించారు. డాక్టరుగారు వద్దన్నారు. ఫినాల్ జాతి మందులు, డెటాల్ లాంటివి కూడా, పిల్లి కాలేయం తట్టుకోలేదు. నేల మీద తొక్కి, కాళ్ళు నాక్కుంటే చాలు. బ్లీచింగ్ పౌడరూ వద్దు, ఉచ్చలోని అమ్మోనియాతో కలిస్తే మనకే ఊపిరాడని ఆవిరి వస్తుంది. చివరికి మాకు పనికొచ్చిన పద్ధతి ఇది: తడిని రుద్దకుండా పాత బట్టతో అద్ది, వెనిగర్ కలిపిన నీళ్ళతో తుడిచి, ఆరాక ఎంజైమ్ ద్రావణం కొట్టి అలా వదిలేయడం. పరుపైతే డాబా మీద ఎండలో వేయడం. రోజూ డాబా మీద పరుపు కనబడుతుంటే ఎదురింటావిడ "మీ బాబు ఇంకా పక్క తడుపుతున్నాడా?" అని అడిగింది. తొమ్మిదో తరగతి పిల్లాడు వారం రోజులు ఆ వీధిలో తలెత్తుకోలేదు.

వీడికీ ఆపరేషన్ చేయించేద్దామంటే అత్తయ్య అడ్డుపడ్డారు. "మగ గుంటడికి అదేటే, పాపం!" ఆడదానికి చేయించినప్పుడు ఈ పాపం ఎక్కడికి పోయిందో నాకు అర్థం కాలేదు. అడిగాను కూడా. వినబడనట్టు ఊరుకున్నారు.

ఇంతలో ఒక ఎండాకాలం సాయంత్రం గుంటడు టబ్బులో కూర్చున్నాడు. లేచాడు. మళ్ళీ వెళ్ళి కూర్చున్నాడు. టబ్బు పొడిగానే ఉంది. ముక్కుతున్నాడు, సన్నగా ఏడుస్తున్నాడు, మధ్యమధ్యలో ఒంగి కింద నాక్కుంటున్నాడు. మలబద్ధకం అయ్యుంటుందని మా ఆయన ఆముదం అన్నారు. నేను డాక్టరుగారికి ఫోన్ చేశాను. మగపిల్లి అనగానే ఆయన గొంతు మారిపోయింది. "ఏమీ పట్టించొద్దమ్మా, వెంటనే తీసుకొచ్చేయండి." ఈసారి బుట్టని బెల్టుతో బిగించాం. అక్కర్లేకపోయింది, వాడు తల కూడా ఎత్తలేదు.

ఆసుపత్రి వరండాలో ఆవుదూడ, మేకలు, కాలు విరిగిన నాటుకోడి. మేకని పట్టుకున్నావిడ మమ్మల్ని చూసి "పిల్లికి డాక్టరేటమ్మా?" అని ఆశ్చర్యపోయింది. విషయం చెప్పాక మాత్రం తన వంతు మాకిచ్చేసి పక్కకి జరిగింది. డాక్టరుగారు పొట్ట నొక్కి చూశారు. మూత్రాశయం బత్తాయికాయలా గట్టిగా చేతికి తగులుతోంది. నన్నూ తాకి చూడమన్నారు. మగపిల్లికి మూత్రం దారి చివరికొచ్చేసరికి చాలా ఇరుకట. ఇసకలాంటి స్ఫటికాలు, జిగురు కలిసి అక్కడ బిరడా పడిపోతుంది. నీళ్ళు తక్కువ తాగే జంతువు, పైగా ఎండాకాలం, ఎప్పుడూ పొడి గుళికల మేత. బిరడా అలాగే ఉంటే ఒకటి రెండు రోజుల్లో రక్తంలో పొటాషియం పెరిగి గుండె ఆగిపోతుంది. అర్ధరాత్రి దాకా ఆగుంటే ఏమయ్యేదో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు.

మత్తు ఇచ్చి, సన్నటి గొట్టం ఎక్కించి, సెలైన్‌తో కడిగారు. మొదట ఏమీ రాలేదు. తర్వాత ఎర్రగా, చిక్కగా వచ్చింది. ట్రేలో పడుతున్న ఆ చప్పుడు వింటుంటే నాకు ఏడుపొచ్చేసింది. ఏ వాసనకైతే ముక్కు మూసుకునేదాన్నో అదే వాసన గదంతా నిండిపోయింది, నేను వంగి చూస్తూనే ఉన్నాను.

గొట్టం కుట్టేసి, మెడకి గరాటు కట్టి ఇంటికి పంపారు. వాడు నడిచినచోటల్లా బొట్టు బొట్టుగా కారేది. హాల్లో పాత దుప్పట్లు పరిచేశాం. ఎవరూ ఒక్క మాట అనలేదు. అసలు కష్టం గొట్టం తీసేశాక. తనంతట తాను పోస్తే బతికినట్టు, లేదంటే మళ్ళీ మొదటికి. ఆ రోజు మా ఇంట్లో వంట లేదు. మా ఆయన సెలవు పెట్టారు. బాబు టబ్బు ఎదురుగా పుస్తకం తెరిచి కూర్చున్నాడు, ఒక్క పేజీ తిప్పలేదు. అత్తయ్య కళ్ళు మూసుకుని ఆదిత్య హృదయం చదువుకుంటున్నారు. గుంటడు టబ్బు దాకా వెళ్ళి వాసన చూశాడు, వెనక్కి వచ్చేశాడు. అందరం ఒకళ్ళ మొహాలు ఒకళ్ళం చూసుకున్నాం. వాడు తిన్నగా అత్తయ్య పక్కకి వెళ్ళి, ఆవిడ కూర్చున్న చాప చివర గీకి, కూర్చున్నాడు. చాప మీద తడి మరక మెల్లగా పెద్దదవుతోంది.

"పోసీసినాడర్రా! గుంటడు పోసీసినాడు!"

ఆ కేక వీధిలోకి వినబడింది. ఎదురింటావిడ గేటు దాకా వచ్చి ఏమైందని అడిగితే, అత్తయ్య ఆనందం పట్టలేక "మా గుంటడు ఉచ్చ పోసినాడమ్మా" అన్నారు. ఆవిడ మా బాబు వైపు చూసింది. వాడు పుస్తకం మొహానికి అడ్డం పెట్టుకుని లోపలికి పోయాడు.

తర్వాతి మార్పులన్నీ నీళ్ళ చుట్టూనే. పొడి మేత తగ్గించి, ఉడికించిన చేప, కోడిముక్క రసంతో సహా పెడుతున్నాం. ఉప్పు, ఉల్లి, వెల్లుల్లి ఏవీ వేయం, ఉల్లి జాతి పిల్లి రక్తాన్ని పాడుచేస్తుంది. ఉప్పుచేప పూర్తిగా బంద్. మేత గిన్నె పక్కన నీళ్ళు పెడితే తాగడు, అందుకని వరండాలో ఒకటి, వంటింట్లో ఒకటి, మెట్ల కింద ఒకటి గిన్నెలు పెట్టాం. వాటిల్లో తాగకుండా బాత్‌రూమ్ బకెట్లో తలపెట్టి తాగుతాడు, అదీ మంచిదే. ఉన్న పిల్లుల కంటే ఒక టబ్బు ఎక్కువుండాలన్నారు కాబట్టి మూడు టబ్బులు. రోజూ గడ్డలు తీసేటప్పుడు ఎన్ని ఉన్నాయో, ఎంత పెద్దవో చూస్తాను. పొద్దున్నే ఆ లెక్క అత్తయ్యకి చెప్పాలి, లేకపోతే కాఫీ తాగరు.

వాడు కోలుకున్నాక ఆపరేషన్ మాట ఆవిడే ఎత్తారు. చేయించాం. వెంటనే మారిపోలేదు, పాత అలవాటు తగ్గడానికి కొన్ని వారాలు పట్టింది. సిలిండర్‌ని, ఫ్రిజ్‌ని, దేవుడి గదిని వదిలేశాడు. వీధిలో కొత్త మగపిల్లి ఏదైనా తిరిగితే మాత్రం ఇప్పటికీ ఎక్కడో ఒకచోట సంతకం పెడతాడు. అందుకే మా ఆయన హెల్మెట్ బీరువా పైన, అట్టపెట్టెలో ఉంటుంది.